కారు కంపెనీ, కరెంటు సంస్థ, మధ్యలో కారు యజమాని

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. విద్యుత్ కార్ల తయారీదారులూ కరెంటు సంస్థలూ చేతులు కలపడం గురించి మాట్లాడమన్నారు. ఈ పొత్తు ఇప్పుడిప్పుడే మొదలైందని చాలామంది అనుకుంటారు. నిజానికి దీనికి వందేళ్లు దాటాయి. అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ పాత ఒప్పందంలో ఉన్న తెలివి ఈనాటి ఒప్పందాల్లో చాలావాటికి కొరవడిందని నా అభిప్రాయం.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ అనే నగరం ఉంది. అక్కడ కరెంటు సరఫరా చేసే హార్ట్‌ఫర్డ్ ఎలక్ట్రిక్ లైట్ కంపెనీ 1910లో ఒక పథకం తెచ్చింది. జనరల్ వెహికల్ కంపెనీ తయారుచేసే విద్యుత్ ట్రక్కును బ్యాటరీ లేకుండానే కొనుక్కోవచ్చు. బ్యాటరీ కరెంటు కంపెనీ సొత్తు. బ్యాటరీ ఖాళీ అయితే దాన్ని దింపి నిండుది ఎక్కిస్తారు. ట్రక్కు యజమాని నెలకు కొంత సేవా రుసుము, ఆపైన నడిచిన ప్రతి మైలుకు ఇంత అని చెల్లిస్తాడు. 1924 దాకా ఈ సేవ కొనసాగింది. ఆ బ్యాటరీలతో బండ్లు తిరిగిన దూరం 60 లక్షల మైళ్లు దాటింది.

ఇందులో ఎవరి భారం ఎవరి మీద పడిందో గమనించండి. ఆ రోజుల్లో బ్యాటరీ ఎన్నాళ్లు మన్నుతుందో ఎవరికీ నమ్మకం లేదు. ఆ దిగులు సరుకు రవాణా చేసుకునే వ్యాపారిది కాకుండా పోయింది. బ్యాటరీల గురించి తెలిసిన కరెంటు కంపెనీయే దాన్ని నెత్తికెత్తుకుంది. అది ఊరికే చేసిన ఉపకారం కాదు. రాత్రివేళ జనరేటర్లు పని లేక ఉండేవి. బ్యాటరీలు తన చేతిలో ఉంటే వాటిని తనకు వీలైన వేళ నింపుకోవచ్చు. బండి అమ్మే కంపెనీకి బండి చౌకగా కనిపించింది, అమ్మకం పెరిగింది. వ్యాపారికి మైలు ఖర్చు ముందే తెలిసింది. ముగ్గురికీ లాభం ఉంది, ముగ్గురికీ తమ వాటా ఎంతో తెలుసు.

దాదాపు వందేళ్ల తర్వాత అదే ఆలోచన ఇంకా పెద్ద ఎత్తున మళ్లీ వచ్చింది. బెటర్ ప్లేస్ అనే సంస్థ 2007లో పుట్టింది. రెనో కంపెనీ బ్యాటరీ మార్చుకునే వీలున్న ఫ్లూయెన్స్ కారు చేసిచ్చింది. డెన్మార్క్‌లో అక్కడి పెద్ద విద్యుత్ సంస్థ డాంగ్ ఎనర్జీ పెట్టుబడి పెట్టింది. ఇజ్రాయెల్, డెన్మార్క్ దేశాల్లో లక్ష కార్లు అమ్ముడవుతాయని లెక్కలు వేశారు. అమ్ముడైనవి రెండు వేలకు కూడా చేరలేదు. 2013 మే నెలలో సంస్థ దివాలా తీసింది. పెట్టుబడికి కొదవ లేదు, యంత్రాలు చక్కగా పనిచేశాయి. కానీ కొనేవాడికి ఒకే ఒక్క కారు మోడల్ ఇచ్చి, దాన్ని ఒకే ఒక్క సంస్థ స్టేషన్లకు కట్టిపడేశారు. ఆ సంస్థ మూతపడితే తన కారు ఏమవుతుందన్న ప్రశ్నకు ఆ కొనుగోలుదారు దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఈనాటి సంగతికి వద్దాం. ముందు లెక్క చూడండి. మామూలు విద్యుత్ కారు వంద కిలోమీటర్లకు సుమారు 15 నుంచి 18 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు ఆరేడు యూనిట్లు చాలు. ఇంట్లో గోడకు బిగించే ఛార్జర్ సామర్థ్యం చాలా చోట్ల 7 కిలోవాట్లు, అంటే గంటకు 7 యూనిట్లు. కాబట్టి పగలంతా ఖర్చయిన కరెంటు ఒక్క గంటలో నిండిపోతుంది. కారు మాత్రం రాత్రి ఏడింటికి ప్లగ్గుకు తగిలిస్తే తెల్లారి ఏడింటి దాకా కదలదు. చేతిలో 12 గంటలు, పని ఒక గంటది. ఆ గంట ఏదై ఉండాలో ఎంచుకునే వెసులుబాటే ఈ పొత్తు మొత్తానికి పునాది. దీపానికి, ఫ్యానుకు ఆ వెసులుబాటు లేదు. మనకు కావలసినప్పుడే అవి వెలగాలి, తిరగాలి.

ఈ వెసులుబాటును వాడుకోకపోతే ఏమవుతుంది? వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ వేసేటప్పుడు ఇంజినీర్లు ఒక నమ్మకం మీద దాని సైజు నిర్ణయిస్తారు. ఇళ్లన్నీ ఒకే క్షణంలో పూర్తి లోడు తీసుకోవన్నదే ఆ నమ్మకం. ఒకరి ఇంట్లో మోటారు ఆడుతుంటే మరొకరి ఇంట్లో ఆగి ఉంటుంది. ఇంతకాలం ఆ అంచనా నిలబడింది. ఆ వీధిలోకి పది కార్లు వచ్చి, పదీ ఒకేసారి ఛార్జింగ్ మొదలుపెడితే 70 కిలోవాట్లు అదనం. ‘రాత్రి పన్నెండు తర్వాత కరెంటు చౌక’ అని సంస్థ ప్రకటించగానే అందరూ తమ కార్లలో పన్నెండుకే టైమర్ పెట్టుకుంటారు. గడియారం పన్నెండు కొట్టీ కొట్టగానే లోడు నిటారుగా లేస్తుంది. సాయంత్రపు రద్దీని తప్పించబోయి అర్ధరాత్రి కొత్త రద్దీని తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌కు రాత్రి విశ్రాంతి వేళ. దాని లోపల రాగి తీగల చుట్టూ నూనెలో నానిన కాగితం ఇన్సులేషన్‌గా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆయుష్షు ఆ కాగితం ఆయుష్షే. రూపకల్పనలో అనుకున్న వేడికి మించి సుమారు ఆరు డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ మామూలు కాగితం పాడయ్యే వేగం రెట్టింపవుతుంది. పగలు వేడెక్కినా రాత్రి చల్లబడుతుంది కాబట్టి దశాబ్దాల పాటు నెట్టుకొస్తుంది. కార్లన్నీ కలిసి ఆ చల్లదనాన్ని లాగేసుకుంటే ఆ రోజే ఏమీ పేలిపోదు, ఎవరికీ ఏ తేడా కనిపించదు. కొన్నేళ్ల ముందుగానే దాన్ని మార్చవలసి వస్తుంది, ఆ ఖర్చు అందరి బిల్లుల్లోనూ, కారు లేనివాళ్ల బిల్లుల్లో కూడా చేరుతుంది. నాకు ఈ విషయంలో పట్టుదల ఉండటానికి కారణం ఇదే. కారు కొనగలిగినవాళ్ల సౌకర్యానికి కొనలేనివాళ్లు డబ్బు కట్టడం న్యాయం కాదు.

మరి కార్లు ఒకదాని తర్వాత ఒకటిగా ఛార్జి అయ్యేలా ఎవరు చూడాలి? కరెంటు సంస్థకు మీటరు కనిపిస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు తెలుస్తుంది. కానీ మీ కారు బ్యాటరీ సగం నిండి ఉందో పావు నిండి ఉందో దానికి తెలియదు. కారు కంపెనీ సర్వర్‌కు బ్యాటరీ స్థితి తెలుసు, కారు ఎక్కడుందో తెలుసు. కానీ మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఉడికిపోతున్న సంగతి దానికి తెలియదు. అందుకే ఇద్దరూ కలవాలి. అయితే అసలైన సమాచారం ఇద్దరి దగ్గరా లేదు. రేపు పొద్దున మీరు ఎన్నింటికి బయలుదేరాలి, ఎంత దూరం వెళ్లాలి అన్నది మీకొక్కరికే తెలుసు. చాలా ఒప్పందాలు ఇక్కడే దెబ్బతింటాయి. రెండు సంస్థలు కూర్చుని సంతకాలు చేస్తాయి, మూడో మనిషికి మాత్రం యాప్‌లో ఒక గడి చూపించి ‘అంగీకరిస్తున్నాను’ నొక్కమంటాయి.

దీన్ని వివరంగా చూడటానికి నాకు బాగా నచ్చే ఉదాహరణ కాలిఫోర్నియాది. 2015లో బీఎండబ్ల్యూ కంపెనీ, అక్కడి పీజీ అండ్ ఈ విద్యుత్ సంస్థ ‘ఛార్జ్‌ఫార్వర్డ్’ పేరుతో ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో బీఎండబ్ల్యూ ఐ3 కార్లున్న దాదాపు వంద మంది అందులో చేరారు. ఒప్పందం సూటిగా ఉంది. గ్రిడ్ మీద ఒత్తిడి ఉన్నప్పుడు విద్యుత్ సంస్థ కబురు పంపుతుంది. వెంటనే బీఎండబ్ల్యూ 100 కిలోవాట్ల లోడు తగ్గించాలి, గంట దాకా అలా నిలపాలి. ఏ కారు ఛార్జింగ్ ఆపాలో బీఎండబ్ల్యూ సర్వర్ తేలుస్తుంది. కారు యజమాని ఫోనుకు సందేశం వస్తుంది. ‘ఇవాళ నాకు కుదరదు’ అని ఆయన ఒక్క నొక్కుతో తప్పుకోవచ్చు. చేరినందుకే వెయ్యి డాలర్లు ఇచ్చారు. చివరిదాకా సహకరించినవాళ్లకు మరో 540 డాలర్ల వరకు అందే ఏర్పాటు ఉంది.

బీఎండబ్ల్యూ ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంది. కార్లు సరిపడా దొరక్కపోతే మాట తప్పకుండా ఉండటానికి, పాత మినీ ఈ కార్ల నుంచి తీసిన బ్యాటరీలను మౌంటెన్ వ్యూలోని తన కార్యాలయం దగ్గర అమర్చిపెట్టుకుంది. ఏడాదిన్నరలో 209 సార్లు కబురొచ్చింది. ఎక్కువసార్లు లక్ష్యం నెరవేరింది. ఆసక్తికరమైన సంగతి ఆ తర్వాతే బయటపడింది. తగ్గించిన లోడులో కార్ల వాటా సుమారు 20 శాతం మాత్రమే. మిగతా 80 శాతం ఆ పాత బ్యాటరీలదే.

కార్లు ఎందుకు అంత తక్కువ ఇచ్చాయి? యజమానులు మొండికేసినందువల్ల కాదు. వాళ్లలో చాలామంది అప్పటికే చౌక ధర కోసం అర్ధరాత్రి తర్వాత ఛార్జింగ్ చేసుకుంటున్నారు. కబురు వచ్చే వేళకు కార్లు ఛార్జింగ్‌లో ఉండేవే కావు. ఆగి ఉన్నదాన్ని ఇంకేమి ఆపుతారు? జనం తమంతట తాము చేస్తున్న మంచిపనినే మళ్లీ కొనబోయిన ఒప్పందం అది. దాని తర్వాతి దశలో కార్యక్రమం తీరు మార్చారు. కాలిఫోర్నియాలో మధ్యాహ్నం సౌర విద్యుత్తు వాడుకునేవాళ్లు లేక మిగిలిపోతుంది. ఆపమని అడగడంతో సరిపెట్టకుండా, ఆ వేళకు కారును ప్లగ్గుకు తగిలించమని యజమానులను ప్రోత్సహించారు. నా దృష్టిలో ఆ ప్రయోగం నుంచి వచ్చిన అతి విలువైన ఫలితం ఈ దిశ మార్పే. జనం ఎలా బతుకుతున్నారో గమనించి, దాన్ని బట్టి ఒప్పందాన్ని తిరగరాశారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ‘కరెంటు సంస్థ’ అని మనం ఒక్క మాటలో అంటున్నాం. చాలా దేశాల్లో తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఒక సంస్థవి, కరెంటు అమ్మేది మరో సంస్థ. ఇద్దరి అవసరాలు వేరు. గాలి బాగా వీచిన రాత్రి పవన విద్యుత్తు వెల్లువెత్తుతుంది, టోకు ధర పడిపోతుంది. అమ్మకం సంస్థ సంబరపడి ‘కార్లన్నీ ఇప్పుడే నింపండి’ అంటుంది. అదే క్షణంలో పంపిణీ సంస్థ ‘ఈ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఇంక మోయలేదు, ఆపండి’ అంటుంది. కారు ఎవరి మాట వినాలి? ఒక్క అమ్మకం సంస్థతో మాత్రమే ఒప్పందం చేసుకున్న కారు కంపెనీ తనకు తెలియకుండానే ఆ వీధిని చీకట్లోకి నెట్టవచ్చు. తీగల పరిమితికి మొదటి స్థానం, ధరకు రెండో స్థానం అని ఒప్పందంలోనే రాసుకోవాలని నేను గట్టిగా అంటాను. ధర తప్పితే నష్టం కొంత డబ్బే. తీగల పరిమితి తప్పితే ఊపిరి యంత్రం మీద ఉన్న రోగి ఇంట్లో కూడా కరెంటు పోతుంది.

ఇంతవరకు ఛార్జింగ్‌ను వాయిదా వేయడం గురించే చెప్పాను. కారు నుంచి కరెంటును వెనక్కి ఇవ్వడం తర్వాతి మెట్టు. దీని మీద అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన విలెట్ కెంప్టన్, సహ రచయిత స్టీవెన్ లెటెండ్రేతో కలిసి 1997లోనే పరిశోధన పత్రం రాశారు. ఆచరణలో ముందడుగు వేసింది జపాన్. 2010 మార్చిలో టోక్యోకు కరెంటిచ్చే టెప్కో సంస్థ, నిస్సాన్, మిత్సుబిషి వంటి కార్ల కంపెనీలతో కలిసి ఛాడెమో అనే సంఘం పెట్టింది. ఫాస్ట్ ఛార్జింగ్ ఎలా ఉండాలో కార్లవాళ్లూ కరెంటువాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చుకున్నారు. మరుసటి ఏడాది భూకంపం, సునామీ వచ్చాయి. అణు విద్యుత్ కేంద్రాలు మూతపడ్డాయి, ఇళ్లలో కరెంటు కోతలు మొదలయ్యాయి. 2012లో నిస్సాన్ తన లీఫ్ కారు బ్యాటరీతో ఇంటికి కరెంటిచ్చే పరికరం తెచ్చింది. దాని సామర్థ్యం 6 కిలోవాట్లు, కారు బ్యాటరీలో 24 యూనిట్లు. మామూలు జపాన్ ఇంటికి దాదాపు రెండు రోజులు సరిపోతుందని కంపెనీ చెప్పింది. అది ఇంత త్వరగా సాధ్యం కావడంలో ఆ ఉమ్మడి బల్ల పాత్ర ఉందని నేను నమ్ముతాను.

ఒక ఇంటిని నిలబెట్టడం వేరు, గ్రిడ్‌ను ఆదుకోవడం వేరు. ఆస్ట్రేలియా ఉదాహరణ చెబుతాను. 2024 ఫిబ్రవరి 13న విక్టోరియా రాష్ట్రంలో పెనుగాలికి విద్యుత్ లైన్ల టవర్లు కూలాయి. ఒక పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం గ్రిడ్ నుంచి విడిపోయింది. లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. ఉత్పత్తి ఒక్కసారిగా పడిపోతే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, కిందికి జారుతుంది. దాన్ని క్షణాల్లో పట్టి నిలపకపోతే మిగతా కేంద్రాలు కూడా ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి. అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో, రాజధాని కాన్‌బెరాలో, ఒక ప్రయోగంలో భాగంగా ప్రభుత్వ వాడకంలో ఉన్న నిస్సాన్ లీఫ్ కార్లు రెండు వైపులా కరెంటు పారే ఛార్జర్లకు తగిలించి ఉన్నాయి. ఫ్రీక్వెన్సీ పడిపోవడాన్ని ఛార్జర్లే పసిగట్టాయి. ఎవరి ఆదేశం కోసమూ ఎదురుచూడకుండా 16 కార్లు క్షణాల్లో కరెంటును గ్రిడ్‌లోకి వదిలాయి. మొత్తం 107 కిలోవాట్లు.

అంత పెద్ద గ్రిడ్‌కు 107 కిలోవాట్లు ఏ మూలకు? నిజమే, సముద్రంలో కాకిరెట్ట అనవచ్చు. కానీ ప్రయోగశాలలో కాకుండా, ఎవరూ ముందుగా సిద్ధం చేయని ఒక మామూలు రోజున, నిజమైన ప్రమాదంలో ఆ కార్లు తమ పని తాము చేశాయి. ఆ ఒప్పందంలో ఎవరెవరున్నారో చూడండి. కరెంటు అమ్మే సంస్థ ఉంది, తీగల సంస్థ ఉంది, కార్లను అద్దెకిచ్చే సంస్థ ఉంది, నిస్సాన్ ఉంది, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ ఉంది, కార్లను వాడే ప్రభుత్వం ఉంది. నేను ఇందాక చెప్పిన చిక్కుముడి రాకుండా అందరూ ఒకే చోట ఉన్నారు. ఇంతమందిని కూడగట్టడానికి ఏళ్లు పట్టింది. పొత్తులో కష్టమంతా అక్కడే ఉంది.

ఇలాంటి పనికి సొంత కార్లకంటే బడి బస్సులు మేలు. పొద్దున పిల్లలను దింపి, సాయంత్రం మళ్లీ ఎక్కించుకునే దాకా ఖాళీ. వేసవి సెలవుల్లో, ఎండలకు గ్రిడ్ అల్లాడే నెలల్లో, అసలు కదలవు. అమెరికాలో మసాచుసెట్స్‌లోని బెవర్లీ పట్టణంలో 2021 వేసవిలో ఒకే ఒక్క విద్యుత్ బడి బస్సు యాభై గంటలకు పైగా గ్రిడ్‌కు కరెంటు అందించింది. మొత్తం దాదాపు మూడు వేల యూనిట్లు. దాని వేళలు అందరికీ తెలుసు కాబట్టి, ఎప్పుడు బయలుదేరాలన్న సందేహమే అక్కడ రాదు.

సొంత కారు యజమానికి మాత్రం సందేహాలు ఉంటాయి, ఉండాలి కూడా. మొదటిది బ్యాటరీ గురించి. మాటిమాటికీ నింపి ఖాళీ చేస్తే అరుగుతుందా అంటే, అరుగుతుంది. ఎంత అన్నది ఎంత లోతుగా, ఎంత వేగంగా, ఎంత వేడిలో ఖాళీ చేశామన్న దాని మీద ఆధారపడుతుంది. అదే సమయంలో, చాలా రకాల లిథియం బ్యాటరీలకు పూర్తిగా నిండి గంటల తరబడి ఊరికే ఉండటం కూడా మంచిది కాదు. కాబట్టి ఛార్జింగ్‌ను తెల్లవారుజాముకు వాయిదా వేస్తే బ్యాటరీకి చెడు జరగకపోగా కొంత మేలే. కరెంటు వెనక్కి ఇవ్వడం మాత్రం అదనపు పని, అదనపు పనికి అదనపు కూలి ఇవ్వాలి.

వారంటీ పత్రాలు ఈ అదనపు పనిని ఊహించి రాసినవి కావు. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అని ఉంటుంది. నిలబడి ఉన్న కారు గ్రిడ్‌కు వెయ్యి యూనిట్లు ఇస్తే మీటరు మీద ఒక్క కిలోమీటరు కూడా పెరగదు. నిస్సాన్ 2022లో అమెరికాలో ఒక ప్రత్యేక ఛార్జర్‌ను ఆమోదించి, దాంతో కరెంటు వెనక్కి ఇచ్చినా లీఫ్ బ్యాటరీ వారంటీకి భంగం లేదని స్పష్టంగా చెప్పింది. మిగతా కంపెనీలు కూడా కిలోమీటర్ల పక్కన యూనిట్లను కూడా రాయాలి. ఏడాదికి ఇన్ని యూనిట్ల వరకు బాధ్యత మాది అని తేల్చాలి.

రెండోది సమాచారం. కారు ఎప్పుడు ప్లగ్గుకు తగిలిందో, ఎప్పుడు ఊడిందో చూస్తే ఇంట్లో మనుషులు ఎప్పుడుంటారో, ఎప్పుడుండరో తెలిసిపోతుంది. విద్యుత్ సంస్థకు కావలసింది ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని కిలోవాట్లు తగ్గించగలరన్న ఒక్క సంఖ్యే. ఫలానా ఇంట్లోని ఫలానా మనిషి రాకపోకల చిట్టా దానికి అక్కర్లేదు. అడిగినా ఇవ్వకూడదు.

ఇటీవల బ్రిటన్‌లో ఒక కొత్త పద్ధతి వచ్చింది. 2025లో బీవైడీ కంపెనీ, ఆక్టోపస్ ఎనర్జీ కలిసి కారు, రెండు వైపులా పనిచేసే ఛార్జర్, కరెంటు పథకం, మూడింటినీ ఒకే నెలవారీ అద్దె కిందికి తెచ్చాయి. కారును చెప్పినంతసేపు ప్లగ్గుకు ఉంచితే ఇంటి దగ్గర ఛార్జింగ్ ఉచితం. గ్రిడ్‌తో లావాదేవీలు, బ్యాటరీ చింత కంపెనీలవి. యజమానికి తెలియవలసింది నెలకు ఎంత కట్టాలన్నదే. హార్ట్‌ఫర్డ్ ట్రక్కు వ్యాపారి పొందిన నిశ్చింతే ఇక్కడ మళ్లీ కనిపిస్తోంది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో రెనో సంస్థ స్థానిక భాగస్వాములతో కలిసి 50 రెనో 5 కార్లతో, అద్దెకు పంచుకునే పద్ధతిలో, ఇలాంటి సేవే ప్రారంభించింది. 500 కార్ల దాకా పెంచాలన్నది వాళ్ల లక్ష్యం.

చివరిగా, కరెంటు ధరలు ఖరారు చేసే నియంత్రణ మండళ్ల సంగతి. చాలా చోట్ల పంపిణీ సంస్థకు రాబడి అది పెట్టిన పెట్టుబడి మీద లెక్కగడతారు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే దాని మీద రాబడి వస్తుంది. కార్లను సర్ది పాత ట్రాన్స్‌ఫార్మర్‌తోనే పదేళ్లు నడిపిస్తే ఏమీ రాదు. ఇలాంటప్పుడు ఆ సంస్థ కార్ల కంపెనీతో ఒప్పందాన్ని ప్రయోగ దశ దాటనిస్తుందా? చాలా ఏళ్లుగా ఈ రంగంలో ప్రయోగాలు కుప్పలు తెప్పలుగా జరుగుతున్నా శాశ్వత పథకాలు తక్కువగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణమని నేననుకుంటున్నాను. తప్పించిన ఖర్చులో కొంత వాటా సంస్థకు, కొంత కారు యజమానికి, మిగతాది అందరి బిల్లుల్లో తగ్గింపుగా రావాలి. ఆ పంపకం నిష్పత్తిని నిర్ణయించే అధికారం నియంత్రణ మండళ్ల చేతిలో ఉంది. అవి ధరల మీద బహిరంగ విచారణ జరిపినప్పుడు వెళ్లి ఈ ప్రశ్న అడగండి, జవాబును ఉత్తర్వులో రాయమనండి.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక మీ ప్రశ్నలు తీసుకుంటాను.